స్ట్రాల్‌జుండ్–ర్యూగెన్: మెర్కెల్‌ను ఎనిమిది సార్లు గెలిపించిన జర్మన్ నియోజకవర్గం

జర్మనీ ఈశాన్య మూలన, బాల్టిక్ సముద్ర తీరాన ఉన్న ఒక పార్లమెంటు నియోజకవర్గం మూడు దశాబ్దాల పాటు ఒకే వ్యక్తిని సభకు పంపింది. ఆ వ్యక్తి ఏంజెలా మెర్కెల్. 1990 నుంచి 2017 వరకు వరుసగా ఎనిమిది ఎన్నికల్లో ఆమె ఇక్కడి నుంచే గెలిచారు. చివరి నాలుగు ఎన్నికల తర్వాత దేశ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆమె వైదొలిగాక 2021లో ఈ స్థానం సోషల్ డెమోక్రాట్ల పరమైంది. 2025 ఫిబ్రవరిలో ఆల్టర్నేటివ్ ఫర్ జర్మనీ (ఏఎఫ్‌డీ) అభ్యర్థి గెలిచారు. శరణార్థుల విషయంలో మెర్కెల్ అనుసరించిన విధానాన్ని వ్యతిరేకించి బలపడిన పార్టీ, చివరకు ఆమె సొంత స్థానాన్నే చేజిక్కించుకుంది.

ఈ నియోజకవర్గం ప్రస్తుత అధికారిక నామం ఫోర్‌పొమ్మెర్న్-ర్యూగెన్ – ఫోర్‌పొమ్మెర్న్-గ్రైఫ్స్‌వాల్డ్ 1. జర్మనీలోని 299 నియోజకవర్గాల్లో దీని సంఖ్య 15. పలకడానికి జర్మన్లకే ఇబ్బంది కలిగించే ఈ పేరును పత్రికలు అరుదుగా వాడతాయి. ఇప్పటికీ చాలామంది దీనిని ‘మెర్కెల్ స్థానం’ అనే పిలుస్తారు.

రెండు ఓట్ల పద్ధతి

ఈ స్థానం చరిత్రను అర్థం చేసుకోవాలంటే జర్మన్ ఎన్నికల విధానం కొంత తెలియాలి. మన లోక్‌సభ ఎన్నికల్లో ఓటరుకు ఒకే ఓటు. జర్మనీలో దిగువ సభ అయిన బుండెస్టాగ్ ఎన్నికలో ఓటరు ఒకే పత్రంపై రెండు ఓట్లు వేస్తారు. మొదటి ఓటు నియోజకవర్గ అభ్యర్థికి. ఇక్కడ మన దేశంలో మాదిరిగానే అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారు విజేత. రెండో ఓటు పార్టీకి. సభలో ఏ పార్టీకి ఎన్ని స్థానాలు దక్కాలన్నది ప్రధానంగా ఈ రెండో ఓటే నిర్ణయిస్తుంది. రాష్ట్రాల వారీగా పార్టీలు ప్రకటించిన జాబితాల నుంచి మిగిలిన సభ్యులు ఎన్నికవుతారు.

అందువల్ల నియోజకవర్గంలో ఓడిన నాయకుడు సభకు దూరం కావలసిన పని లేదు. 1998లో హెల్ముట్ కోల్ తన సొంత ప్రాంతమైన లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఓడిపోయినా జాబితా ద్వారా సభలో కొనసాగారు. 2021లో పోట్స్‌డామ్‌లో ఓలాఫ్ షోల్జ్ చేతిలో ఓడిన గ్రీన్ పార్టీ నాయకురాలు అన్నలేనా బేర్‌బాక్ కూడా అలాగే సభకు వచ్చి విదేశాంగ మంత్రి అయ్యారు. చట్టప్రకారం ఛాన్సలర్ బుండెస్టాగ్ సభ్యుడై ఉండాలన్న నిబంధన కూడా లేదు. ఇంత వెసులుబాటు ఉన్నా నియోజకవర్గంలో గెలుపునకు విలువ తగ్గలేదు. పార్టీలో సొంత బలం ఎంతో చూపించే కొలమానం అదే. తూర్పు జర్మనీలో పెరిగి, పశ్చిమ జర్మన్ల ఆధిపత్యం గల పార్టీలో చేరిన మెర్కెల్‌కు ఆ బలం మరింత అవసరమైంది.

మరొక తేడా పరిమాణంలో ఉంది. 2024లో మన దేశంలో ఒక్కో లోక్‌సభ స్థానానికి సగటున 17 లక్షలకు పైగా ఓటర్లు ఉండగా, జర్మనీలో ఒక్కో నియోజకవర్గానికి సుమారు రెండు లక్షల మంది ఉంటారు. బాల్టిక్ తీరంలోని అభ్యర్థి పల్లెపల్లెకూ వెళ్లి ఓటర్లను ముఖాముఖి కలవగలరు. మెర్కెల్ చేసినదీ అదే.

ఓడరేవు, దీవులు, బీట భూములు

స్ట్రాల్‌జుండ్ మధ్యయుగాల్లో హన్సియాటిక్ వర్తక కూటమిలోని ముఖ్య నగరం. ఎర్ర ఇటుకతో కట్టిన ఎత్తైన చర్చిలు, పురపాలక భవనం ఉన్న దాని పాత పట్టణాన్ని 2002లో, సమీపంలోని విస్మార్‌తో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. 1648 నుంచి 1815 వరకు ఈ ప్రాంతం స్వీడన్ పాలనలో ఉండేది. ఆ తర్వాత ప్రష్యాలో భాగమైంది. నగరానికి ఎదురుగా జలసంధికి ఆవల ఉన్న ర్యూగెన్, జర్మనీలో అతిపెద్ద దీవి. సుద్దరాతి కొండలకూ సముద్రస్నాన విడిదులకూ పేరున్న ఈ దీవికి వేసవిలో పర్యాటకులు పోటెత్తుతారు. తీరం నుంచి లోపలికి వెళితే పరిస్థితి వేరు. అక్కడ విశాలమైన పొలాలు, జనం తగ్గుతున్న పల్లెలు కనిపిస్తాయి. చేపల వేట, ఓడల నిర్మాణం, వ్యవసాయం, పర్యాటకం అనే నాలుగింటి ఒడుదొడుకులే ఇక్కడి రాజకీయానికి నేపథ్యం.

ఎన్నికల అనుభవం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1871లో ఏర్పడిన జర్మన్ సామ్రాజ్యంలో 397 ఏకసభ్య నియోజకవర్గాలు ఉండేవి. స్ట్రాల్‌జుండ్ పాలనా విభాగంలో వాటిలో రెండు ఉన్నాయి. ర్యూగెన్, ఫ్రాంజ్‌బుర్గ్, స్ట్రాల్‌జుండ్ కలిపి ఒకటి, గ్రైఫ్స్‌వాల్డ్, గ్రిమ్మెన్ కలిపి రెండోది. 25 ఏళ్లు నిండిన పురుషులకే ఓటు. పోలైన ఓట్లలో సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మరోసారి పోటీ జరిగేది. 1918 తర్వాత వైమార్ గణతంత్రం ఏకసభ్య స్థానాలను రద్దు చేసి స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. పార్టీ జాబితాలే ఓటరు ముందుకు వచ్చాయి. పొమెరేనియా అంతా ఒకే పెద్ద నియోజకవర్గంగా మారింది. నాజీల పాలనలో ఎన్నిక అనే మాటకే అర్థం పోయింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పొమెరేనియాలో అధిక భాగం, రాజధాని ష్టెటీన్ సహా, పోలండ్‌కు చేరింది. పడమట మిగిలిన భాగాన్ని మెక్లెన్‌బుర్గ్‌తో కలిపారు. 1952లో తూర్పు జర్మనీ ప్రభుత్వం రాష్ట్రాలను తొలగించి జిల్లాలను ఏర్పాటు చేయడంతో తీరప్రాంతం రోస్టాక్ జిల్లా కిందకు వచ్చింది. అప్పటి ఎన్నికల్లో ఓటరు చేయవలసిన పని ఏకైక ఉమ్మడి జాబితా ముద్రించిన పత్రాన్ని మడిచి పెట్టెలో వేయడమే. అందుకే ఓటు వేయడానికి వెళ్లడాన్ని జనం ‘మడవడానికి వెళ్లడం’ అని వెటకారంగా చెప్పుకొనేవారు. 1989 మే నెలలో జరిగిన స్థానిక ఎన్నికల లెక్కింపులో అక్రమాలను పౌరులే పట్టుకున్నారు. ఆ ఏడాది చివర్లో పాలన కూలడానికి దారితీసిన అసంతృప్తిలో ఈ ఘటనది ముఖ్యమైన పాత్ర. 1990 మార్చి 18న తూర్పు జర్మనీలో తొలి స్వేచ్ఛాయుత పార్లమెంటు ఎన్నికలు జరిగినప్పుడు 93 శాతానికి పైగా ఓటర్లు తరలివచ్చారు.

ప్రోరాలో అర్ధరాత్రి ఎంపిక

1990 అక్టోబరు 3న దేశ పునరేకీకరణ జరిగింది. డిసెంబరు 2న జరగబోయే తొలి ఉమ్మడి ఎన్నికల కోసం నియోజకవర్గాల సంఖ్యను 328గా నిర్ణయించారు. కొత్తగా ఏర్పడిన మెక్లెన్‌బుర్గ్–పశ్చిమ పొమెరేనియా రాష్ట్రానికి తొమ్మిది వచ్చాయి. వాటిలో స్ట్రాల్‌జుండ్–ర్యూగెన్–గ్రిమ్మెన్ ఒకటి. అప్పటి సంఖ్య 267.

మెర్కెల్‌కు ఈ ప్రాంతంతో పుట్టుకతో వచ్చిన బంధమేమీ లేదు. ఆమె హాంబుర్గ్‌లో పుట్టి, బ్రాండెన్‌బుర్గ్‌లోని టెంప్లీన్‌లో పెరిగారు. భౌతిక శాస్త్రవేత్తగా బెర్లిన్‌లో పనిచేశారు. డెమోక్రటిక్ అవేకెనింగ్ అనే చిన్న పార్టీ ద్వారా రాజకీయాల్లోకి వచ్చారు. మార్చి ఎన్నికల్లో ఆ పార్టీకి ఒక శాతం ఓట్లు కూడా రాలేదు. అయినా కూటమి గెలవడంతో తూర్పు జర్మనీ చివరి ప్రధాని లోథార్ డి మెజియేర్ ప్రభుత్వానికి ఉప అధికార ప్రతినిధి అయ్యారు. తర్వాత ఆ పార్టీ క్రిస్టియన్ డెమోక్రటిక్ యూనియన్ (సీడీయూ)లో విలీనమైంది. పోటీకి ఒక స్థానం కోసం వెతుకుతున్న ఆమెకు, ఏకీకరణ ఒప్పందంపై తూర్పు పక్షాన సంతకం చేసిన గ్యుంటర్ క్రౌజె ఈ నియోజకవర్గాన్ని చూపించారు.

అభ్యర్థి ఎంపిక సమావేశం సెప్టెంబరు 27న ర్యూగెన్ దీవిలోని ప్రోరాలో జరిగింది. నాజీలు కార్మికుల విహారకేంద్రంగా తలపెట్టి, కిలోమీటర్ల పొడవున కట్టి, పూర్తి చేయకుండా వదిలేసిన భవన సముదాయం అది. తర్వాత తూర్పు జర్మనీ సైన్యానికి స్థావరమైంది. మెర్కెల్ కంటే ముందే రంగంలో ఉన్న అభ్యర్థులు ఇతరులున్నారు. మొదటి విడతలో ఎవరికీ ఆధిక్యం రాలేదు. రెండో విడత అర్ధరాత్రికి చేరింది. దూరం నుంచి వచ్చిన ప్రతినిధుల్లో కొందరు అప్పటికే ఇళ్లకు బయలుదేరారు. ర్యూగెన్ ప్రతినిధులు గట్టిగా నిలబడటంతో ఆమె స్వల్ప తేడాతో నెగ్గారు. పదహారేళ్ల ఛాన్సలర్ పదవికి తొలి మెట్టు ఆ రాత్రి బస్సు అందుకోవాలని తొందరపడని కొద్దిమంది ప్రతినిధుల ఓట్లపై ఆధారపడిందంటే అతిశయోక్తి కాదు.

ప్రచారంలో తీసిన ఒక ఫొటో ప్రసిద్ధికెక్కింది. 1990 నవంబరులో లోబ్బే అనే పల్లెలో మత్స్యకారుల గుడిసెలో ఆమె కూర్చొని ఉన్నారు. చుట్టూ వేటబట్టల్లో జాలర్లు, కిటికీ గుండా పలుచని వెలుతురు, ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. తమ సహకార సంఘాలు ఏమవుతాయో, పడవలు ఎవరివవుతాయో తెలియని కాలమది. డిసెంబరు ఎన్నికలో ఆమెకు 48.5 శాతం ఓట్లు వచ్చాయి. మరుసటి నెలలోనే కోల్ ఆమెను మహిళా, యువజన మంత్రిగా తీసుకున్నారు.

పార్టీ కంటే పైన

తర్వాతి ఎన్నికల్లో ఆమె ఓట్ల శాతం ఇలా సాగింది: 1994లో 48.6, 1998లో 37.3, 2002లో 41.6, 2005లో 41.3, 2009లో 49.3, 2013లో 56.2, 2017లో 44.0. వీటిని విడిగా చూస్తే సాధారణ హెచ్చుతగ్గుల్లా కనిపిస్తాయి. రాష్ట్రంలో ఆమె పార్టీకి వచ్చిన రెండో ఓట్లతో పోలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. 1998లో కోల్ ప్రభుత్వం కుప్పకూలినప్పుడు రాష్ట్రంలో సీడీయూకు సుమారు 29 శాతమే దక్కింది. మెర్కెల్‌కు అంతకంటే ఎనిమిది పాయింట్లు ఎక్కువ. 2005లోనూ పార్టీ 30 శాతం దాటలేదు, ఆమె ఆధిక్యం దాదాపు 12 పాయింట్లు. 2013లో పార్టీ 42 శాతానికి కాస్త పైన నిలవగా, ఆమె సగం దాటి ముందుకు వెళ్లారు. అంటే ఇతర పార్టీలకు రెండో ఓటు వేసినవారిలోనూ గణనీయమైన భాగం మొదటి ఓటు ఆమెకు వేశారు. ఇది సీడీయూ కంచుకోట అన్న మాట ఈ అంకెల ముందు నిలవదు. కంచుకోట మెర్కెల్‌ది.

1998 ఎన్నిక ఆమె జీవితంలో అన్నిటికంటే క్లిష్టమైనది. నిరుద్యోగం తీవ్రంగా ఉన్న రోజులవి. ఏకీకరణ తర్వాత మూతపడిన కర్మాగారాల బాధ్యత కోల్ ప్రభుత్వంపై పడింది. ఒకవైపు సోషల్ డెమోక్రాట్లు, మరోవైపు తూర్పు జర్మనీ పాలక పార్టీకి వారసురాలైన పీడీఎస్ బలంగా నిలిచాయి. ప్రత్యర్థుల ఓట్లు ఇలా చీలడం ఆమెకు మేలు చేసింది. అప్పుడు ఓడి ఉంటే జాబితా ద్వారా సభకు వచ్చే వీలుండేదేమో గానీ, రెండేళ్లలో పార్టీ అధ్యక్ష పదవిని అందుకునే స్థాయి మాత్రం అంత సులభంగా వచ్చేది కాదని అనుకోవచ్చు.

ఈలోగా నియోజకవర్గం హద్దులు మారుతూ వచ్చాయి. 2002 నుంచి దేశంలో స్థానాలను 328 నుంచి 299కి తగ్గించారు. రాష్ట్రంలో తొమ్మిది ఏడయ్యాయి, 2013 నాటికి ఆరుకు దిగాయి. జనం పనుల కోసం పడమటి రాష్ట్రాలకు వెళ్లిపోవడమే ఇందుకు ప్రధాన కారణం. నియోజకవర్గ జనాభా దేశ సగటుకు 15 శాతం కంటే ఎక్కువ తేడాతో ఉండకూడదన్నది సూత్రం. తేడా 25 శాతం దాటితే హద్దులు మార్చి తీరాలి. అలా స్ట్రాల్‌జుండ్–ర్యూగెన్–గ్రిమ్మెన్ కాస్తా 2002లో స్ట్రాల్‌జుండ్–నార్డ్‌ఫోర్‌పొమ్మెర్న్–ర్యూగెన్‌గా మారింది. 2011లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక, 2013 ఎన్నికలకు గ్రైఫ్స్‌వాల్డ్ నగరం కూడా ఇందులో చేరింది. 1456లో స్థాపితమైన విశ్వవిద్యాలయం గల ఆ నగరం చేరికతో యువ ఓటర్లు, వామపక్ష, గ్రీన్ పార్టీల అభిమానులు పెరిగారు. అయినా మెర్కెల్‌కు అత్యధిక ఓట్లు వచ్చింది ఆ ఏడాదే కావడం గమనార్హం.

ఛాన్సలర్ ప్రాతినిధ్యం వల్ల ఈ మారుమూల ప్రాంతం ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. 2006 జులైలో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ స్ట్రాల్‌జుండ్‌కు వచ్చి, ట్రిన్‌విల్లర్స్‌హాగెన్ అనే పల్లెలో నిప్పులపై కాల్చిన అడవిపంది విందులో పాల్గొన్నారు. 2014 మేలో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫ్రాన్స్వా హోలాండ్ వచ్చినప్పుడు ఊరగాయ వేసిన హెరింగ్ చేపలు ఆయనకు కానుకగా అందాయి. 2007లో దీవికి కొత్త వంతెన వచ్చింది. అయితే పెద్దల రాకపోకలతో ఉపాధి నిలబడలేదు. స్ట్రాల్‌జుండ్‌లోని ఓడల కర్మాగారం, ఫోక్స్‌వెర్ఫ్ట్, 2012లో దివాలా తీసింది. చేతులు మారి మళ్లీ పనిచేసినా 2022 జనవరిలో కొత్త యాజమాన్య సంస్థ కూడా దివాలా ప్రకటించింది. ఛాన్సలర్ మనవారైనా కర్మాగారం మూతపడిందన్న బాధ కార్మికుల్లో మిగిలిపోయింది.

తిరిగిన గాలి

2015 శరణార్థుల రాక తర్వాత మార్పు స్పష్టమైంది. 2016 సెప్టెంబరులో జరిగిన రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో ఏఎఫ్‌డీ 20.8 శాతంతో రెండో స్థానంలో నిలవగా, సీడీయూ 19 శాతంతో మూడో స్థానానికి పడిపోయింది. దేశ ఛాన్సలర్ సొంత రాష్ట్రంలో ఇలా జరగడం సంచలనమైంది. విచిత్రమేమిటంటే, ఆ రాష్ట్రంలో విదేశాల నుంచి వచ్చిన జనాభా దేశంలోనే అతి తక్కువగా ఉన్న ప్రాంతాల సరసన ఉంది. ఉద్యోగాలు, వైద్యం, బస్సు సౌకర్యం కరవైన పల్లెల్లో పేరుకున్న అసంతృప్తికి శరణార్థుల అంశం ఒక మార్గమైందని చెప్పడం సమంజసం.

2017లో మెర్కెల్‌పై ఏఎఫ్‌డీ తన రాష్ట్ర నాయకుడు లైఫ్-ఎరిక్ హోల్మ్‌ను నిలబెట్టింది. మెర్కెల్ 44 శాతంతో గెలిచారు. హోల్మ్ 19 శాతానికి పైగా సాధించి రెండో స్థానంలో నిలిచారు. నాలుగేళ్లలో ఆమె 12 పాయింట్లు కోల్పోయారు. మరుసటి ఏడాది అక్టోబరులోనే మళ్లీ పోటీ చేయనని ఆమె ప్రకటించారు.

2021 సెప్టెంబరు 26న, ఆమె పేరు లేని తొలి ఎన్నికలో, 27 ఏళ్ల సోషల్ డెమోక్రాట్ అన్నా కసాట్స్కీ 24.3 శాతం ఓట్లతో విజయం సాధించారు. సీడీయూ అభ్యర్థి గియోర్గ్ గ్యుంటర్‌కు 20.4 శాతం వచ్చింది. విజేతకు నాలుగో వంతు ఓట్లు కూడా రాలేదన్నది గమనించాలి. అదే రోజు రాష్ట్ర శాసనసభకూ ఎన్నిక జరిగింది. జనాదరణ ఉన్న ముఖ్యమంత్రి మాన్యుయేలా ష్వేజిగ్ నాయకత్వంలో సోషల్ డెమోక్రాట్లు 39.6 శాతం సాధించారు. ఆ ఊపులో రాష్ట్రంలోని ఆరు పార్లమెంటు స్థానాలూ వారివే అయ్యాయి. మెర్కెల్‌కు పడిన ఓట్లు పార్టీకి వారసత్వంగా రాలేదు.

ఆ విజయం ఒక్క పర్యాయానికే పరిమితమైంది. షోల్జ్ నాయకత్వంలోని మూడు పార్టీల కూటమి తొందరగానే అప్రతిష్ఠ పాలైంది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా గ్యాస్ ఆగిపోవడంతో ప్రత్యామ్నాయంగా ర్యూగెన్‌లోని ముక్రాన్ రేవు వద్ద ద్రవీకృత సహజవాయువు దిగుమతి కేంద్రం నిర్మించాలని ప్రభుత్వం నిశ్చయించింది. సముద్రస్నానాలకు వచ్చేవారిపైనే బతుకుతున్న బిన్జ్ వంటి పట్టణాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ఈ వివాదంలో బెర్లిన్ తమ మాట వినలేదన్న అభిప్రాయం బలపడింది. పడమటి బాల్టిక్‌లో హెరింగ్ నిల్వలు పడిపోయి వేటపై కఠిన ఆంక్షలు రావడంతో చిన్న మత్స్యకారుల సంఖ్య ఇంకా తగ్గింది. లోబ్బే ఫొటోలో కనిపించే వృత్తి ఇప్పుడక్కడ నామమాత్రంగానే మిగిలింది.

2025 ఫిబ్రవరి 23న జరిగిన మధ్యంతర ఎన్నికలో ఏఎఫ్‌డీ అభ్యర్థి డారియో జైఫెర్ట్ మూడో వంతుకు మించిన ఓట్లతో ఈ స్థానాన్ని గెలిచారు. రాష్ట్రంలో ఆ పార్టీకి రెండో ఓట్లలో 35 శాతం వచ్చాయి. దేశవ్యాప్తంగా దాని వాటా 20.8 శాతం. సీడీయూ రాష్ట్రంలో 18 శాతం లోపే ఆగిపోయింది.

ఈ ఎన్నికకు మరో ప్రత్యేకత ఉంది. 2021లో 736కు చేరిన సభ్యుల సంఖ్యను అదుపు చేయడానికి 2023లో చట్టాన్ని సవరించారు. సభ బలాన్ని 630కి స్థిరపరిచి, నియోజకవర్గంలో గెలిచినా పార్టీకి రెండో ఓట్ల వాటాలో చోటు లేకపోతే ఆ విజేతకు స్థానం దక్కదని నిబంధన పెట్టారు. 2024 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం ఈ నిబంధనను సమర్థించింది. ఫలితంగా 2025లో 23 మంది నియోజకవర్గ విజేతలు బుండెస్టాగ్‌లో అడుగుపెట్టలేకపోయారు. రాష్ట్రంలో రెండో ఓట్లు పుష్కలంగా ఉన్న ఏఎఫ్‌డీకి ఇక్కడ ఆ ఇబ్బంది రాలేదు. 15వ నంబరు నియోజకవర్గ ప్రతినిధిగా జైఫెర్ట్ సభకు వెళ్లారు.